అక్రోట్ నూనె ఫ్రిజ్‌లో ఎందుకు?

కొబ్బరినూనె వంటగట్టు మీద నెలలపాటు బాగానే ఉంటుంది. అక్రోట్ నూనె మాత్రం సీసా మూత తీశాక త్వరగా కనరు వాసన కొడుతుంది. ఎందుకు?

తేడా కొవ్వుల్లో ఉంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వులే. అవి ఆక్సిజన్‌కు అంత సులువుగా లొంగవు. అక్రోట్ నూనెలో సుమారు 63 శాతం బహుళ అసంతృప్త కొవ్వులు. వాటి అణువుల్లోని ద్విబంధాల పక్కనే ఆక్సిజన్ పట్టు చిక్కించుకుంటుంది. వెలుగు, వేడి తోడైతే ఇంకా వేగం. చివరికి పుట్టే ఆల్డిహైడ్లదే ఆ కంపు.

చిత్రకారులకు ఆక్సిజన్‌తో కలిసే ఈ గుణమే వరం! గాలి తగిలి గట్టిపడుతుంది కాబట్టి లియొనార్డో డావిన్సీ కాలపు ఇటలీలో రంగుల్లో ఈ నూనెను కలిపేవారు.

వంటకైతే ముదురు రంగు చిన్న సీసా కొని, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. వేపుళ్లకు వద్దు, సలాడ్‌పై చల్లుకోండి. కనరు వాసన వస్తే పారబోయండి.