ఏడుగురు పిల్లలు.. మా అరుగే బడి!

"మీ ఇంట్లో పిల్లలు ఏ స్కూలండీ?"

మా ఊళ్లో కొత్తగా పరిచయమైన వాళ్లు నన్ను అడిగే రెండో ప్రశ్న ఇది. మొదటిది నా పెళ్లెప్పుడని. "స్కూలుకి వెళ్లరండీ, ఇంట్లోనే చదువుకుంటారు" అంటే ముందు జాలిగా చూస్తారు. ఆనక గొంతు తగ్గించి "ఫీజులు బాగా పెరిగిపోయాయి కదండీ, ఏం చేస్తాం" అని వాళ్లే ఓదారుస్తారు. ఒకరిద్దరు పిల్లలైతే ఏదో కారణం ఉందిలే అనుకుందురు. మా ఇంట్లో ఏకంగా ఏడుగురు!

రావులపాలేనికి దగ్గర్లో మా ఊరు. చుట్టూ అరటితోటలు, కొబ్బరితోటలు. నలుగురు తోబుట్టువుల్లో నేనే ఆఖరిదాన్ని. పెద్దన్నయ్యకి ఇద్దరు, చిన్నన్నయ్యకి ముగ్గురు, అక్కకి ఇద్దరు పిల్లలు. బావ కువైట్‌లో ఉంటారు కాబట్టి అక్క పక్కవీధిలోనే ఉంటుంది. పొద్దున్నే దాని పిల్లలిద్దరూ మా ఇంట్లోనే తేలతారు. ఒకే మనిషిని ఐదుగురు 'నాయనమ్మా' అనీ, ఇద్దరు 'అమ్మమ్మా' అనీ పిలుస్తుంటే మా అమ్మ ఎవరికి పలకాలో తెలీక అందరికీ కలిపి ఒకేసారి "ఊఁ" అంటుంది.

నేను 2018లో బీటెక్ పూర్తిచేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే రెండు జతల బట్టలు పెట్టుకుని ఇంటికొచ్చాను. ఉద్యోగం ఇంటి నుంచే అయిపోయింది. బట్టలు మాత్రం తర్వాత తెప్పించుకున్నాను.

అసలు కథ అప్పుడే మొదలైంది. నలుగురు పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు, ఇంట్లో ఇవ్వగలిగిన ఫోన్లు రెండు. ఒకడి లెక్కల క్లాసు, ఇంకొకత్తె రైమ్స్ ఒకే టైముకి. సిగ్నల్ కోసం మేడమీదికి పరుగులు. ఆ ఏడాది క్లాసులు సగం కూడా జరక్కపోయినా స్కూలు వాళ్లు (పేరెందుకు లెండి) ఫీజు మొత్తం కట్టమన్నారు. అన్నయ్యలు కట్టారు. కానీ ఆ ఏడాదిలో ఇంట్లో ఇంకొకటి జరిగింది. చదవడమంటే ఏడ్చే మా పెద్దోడు అటక మీదున్న పాత చందమామలన్నీ దించుకుని చదివేశాడు. చిన్నవాళ్లని కూర్చోబెట్టి పైకి చదివి వినిపించడం మొదలెట్టాడు. 2021లో స్కూళ్లు తెరిచినప్పుడు పెద్దవదిన నెమ్మదిగా అంది, "ఇంకో ఏడాది ఇలాగే ఉంచితే?"

ఇల్లు రెండుగా చీలిపోయింది. మా నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. "ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని బడికి పంపండని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. ఇప్పుడు నా ఇంటి పిల్లలే బడి మానేస్తే ఏ మొహం పెట్టుకుని వీధిలోకి వెళ్లమంటావమ్మా?" అన్నారు. ఆయన బాధలో న్యాయముంది. కూలికెళ్లే ఇళ్లలోని పిల్లల్ని బడిలో కూర్చోబెట్టడానికి ఆయన పడ్డ కష్టం మేం చిన్నప్పుడు చూసినదే. బడి లేకపోతే చదువే లేని పిల్లలు వాళ్లు. మా ఇంటి సంగతి వేరు. చివరికి ఆయనొక షరతు పెట్టారు. ప్రతి శనివారం పరీక్ష తనే పెడతారు, పేపరు తనే దిద్దుతారు, ఎవరూ అడ్డురాకూడదు. ఐదేళ్లయింది. ఒక్క శనివారం తప్పలేదు. వినాయక చవితి శనివారమే వస్తే, పొద్దున పూజ, సాయంత్రం డిక్టేషను!

చట్టం ఏమంటుందని చాలామంది అడుగుతారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చింది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంది. కానీ చేర్చకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని రాయలేదు. ఇంటి చదువు అన్న మాటే అందులో లేదు. అంటే అటూ ఇటూ కాని చోట ఉన్నామన్నమాట. పరీక్షలకి మాత్రం దారి స్పష్టంగానే ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్‌ఐఓఎస్ ద్వారా పద్నాలుగేళ్లు నిండినవాళ్లు పదో తరగతి రాయొచ్చు. ఐదు సబ్జెక్టులు చాలు. ఒకేసారి అన్నీ రాయక్కర్లేదు. ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్ అని ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, ఐదేళ్లలోపు పూర్తిచేస్తే సరిపోతుంది. మన రెండు రాష్ట్రాలకీ సొంత ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి. మా పెద్దోడు ఎన్‌ఐఓఎస్‌లో చేరి, సబ్జెక్టుల్లో ఒకటిగా పెయింటింగ్ తీసుకున్నాడు. నాన్నకి ఇప్పటికీ అది మింగుడుపడలేదు. "బొమ్మలకి మార్కులేవిట్రా?" అంటారు.

రోజెలా గడుస్తుంది?

టైంటేబుల్ రాసి గోడకి అంటించాం. ఆరుసార్లు. ఏదీ నెల తిరక్కుండానే చిరిగిపోయింది. ఇప్పుడు రెండే నియమాలు. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా అందరూ అరుగు మీదో, హాల్లోనో పుస్తకాల ముందుండాలి. పెద్దవాడెవడైనా తన పక్కన చిన్నవాళ్లలో ఒకర్ని కూర్చోబెట్టుకోవాలి. ఏడుగురికి ఏడు తరగతులు పెట్టి పాఠాలు చెప్పాలంటే ఏ ఇంటి వల్లా కాదు. పదిహేనేళ్లవాడు పన్నెండేళ్లదానికి, అది తొమ్మిదేళ్లవాడికి, వాడు ఐదేళ్ల బుడ్డోడికి. నీళ్లు పై మడి నిండి కింది మడికి పారినట్టు చదువు పారుతుంది. వాళ్ల పద్ధతులు వాళ్లవి. మా ఎనిమిదేళ్లది ఆరేళ్లవాడికి తీసివేత నేర్పింది, వాడి జీడిపప్పు అచ్చుల్లోంచి మూడు తినేసి. వాడు ఏడ్చాడు, లెక్క మాత్రం మర్చిపోలేదు.

పదిన్నరకి నా ఆఫీసు మీటింగు. ఎంత తలుపేసుకున్నా ఎనిమిదో ఎక్కం కోరస్‌గా వినబడుతూనే ఉంటుంది. ఓసారి బెంగళూరు నుంచి మా మేనేజరు "ఎనిమిదేళ్లు యాభై ఆరు కాదు, ఎనిమిదేడులు యాభై ఆరు అనమనండి" అన్నాడు. అతను మన కర్నూలు వాడని నాకు అప్పుడే తెలిసింది.

వానాకాలం మా ఇంట్లో దశాంశాల కాలం. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. జులై నుంచి పిల్లలు రోజూ టీవీలో చెప్పే మట్టం రాసుకుని గ్రాఫు గీస్తారు. మాకది ఆట కాదు. మా పెద్దవదిన పుట్టిల్లు లంకల్లో ఉంది. గ్రాఫు గీత రెండో హెచ్చరిక గీతని తాకిందంటే ఆ రాత్రి వదిన నిద్రపోదు. 13.7కీ 13.75కీ తేడా ఎంతని మా పిల్లల్ని ఎప్పుడూ అడగక్కర్లేదు.

వరద తగ్గాక ఓ మంగళవారమో బుధవారమో అందరం ధవళేశ్వరం వెళతాం. జనం ఉండరు, ఎవరూ తొందరపెట్టరు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర పాత ఆనకట్ట ఎలా కట్టించాడో మ్యూజియంలో చూసి, బ్యారేజీ మీద గేట్లు లెక్కపెట్టడం ఆనవాయితీ. మొత్తం 175. ఒక్కసారీ ఇద్దరి లెక్క కలిసిన పాపాన పోలేదు.

గిద్ద, సోల, తవ్వ.. కంప్యూటరు!

నేను నేర్పేది సాయంత్రాలే. కంప్యూటరు ఎలా లెక్కపెడుతుందో చెప్పమని ఓ రోజు చిన్నన్నయ్య కూతురు అడిగింది. ఇంట్లో అందరూ దాన్ని బుజ్జమ్మ అంటాం. సున్నా, ఒకటి, రెండు పెట్టి హెచ్చించడం అంటూ నేను బోర్డు మీద మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకే అరుగు సగం ఖాళీ. నాన్న పడక్కుర్చీలోంచి లేచి ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లారు. అటక మీంచి పాత కొలపాత్రలు దింపించి, దుమ్ము దులిపి వరసగా పెట్టారు. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం.

"రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి ఎన్ని గిద్దలే?"

బుజ్జమ్మ వేళ్లమీద రెట్టింపు చేసుకుంటూ వెళ్లి "అరవై నాలుగు" అంది.

నేను నోరు తెరిచాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. నాలుగేళ్లు ఇంజినీరింగు చదివి, ఏడేళ్లుగా దాంతోనే బతుకుతున్న బైనరీ మా అటక మీద బూజుపట్టి కూర్చుని ఉంది! (కొలతలు ఊరూరికీ కాస్త మారతాయి. ఇది మా వైపు లెక్క.)

ఇక ఆ సాయంత్రం ఆట మొదలైంది. ఒక్కో పాత్ర ఒక్కసారే వాడాలి. నలభై ఐదు గిద్దల బియ్యం కొలిచి పొయ్యాలి. అడ్డ ఒకటి, ముప్పై రెండు. మానిక పోస్తే ఎక్కువైపోతుంది, వద్దు. తవ్వ ఎనిమిది, నలభై. సోల నాలుగు, నలభై నాలుగు. అరసోల వద్దు. గిద్ద ఒకటి. వాడిన పాత్ర ముందు ఒకటి, వాడనిదాని ముందు సున్నా రాయమన్నాను. 101101. ఐదేళ్లవాడికి కూడా అర్థమైంది. అరవై మూడు దాకా ఏ సంఖ్య చెప్పినా కొలిచేస్తున్నారు. రాత్రి ఎనిమిదైనా బియ్యం వదలరు. "ఆ బియ్యం ఎసట్లో పడేదుందా లేదా?" అని అమ్మ అరిచేదాకా సాగింది.

నాన్న మాత్రం ఇంటి చదువు మంచిదని ఇప్పటికీ అనరు. "బళ్లోనూ ఇలా చెప్పొచ్చు. మేం చెప్పేవాళ్లం" అంటారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పత్రికల్లో, వీడియోల్లో హోమ్‌స్కూలింగ్ అంటూ చూపించేవాటిలో చాలావరకు ఒక తల్లి ఉద్యోగం మానేసి ఒంటిచేత్తో లాగే బండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లే ఫ్లాట్‌లో ఇది కుదరదు, కుదరనందుకు ఎవరూ బాధపడక్కర్లేదు. మా ఇంట్లో నడుస్తోందంటే నాన్న, అమ్మ, ఇద్దరు వదినలు, అక్క, నేను, మధ్యాహ్నం తోట నుంచి వచ్చే అన్నయ్యలు, ఇంతమంది తలో చెయ్యి వేస్తున్నాం కాబట్టి. అయినా బరువు ఎక్కువ మోసేది వదినలే. పెద్దవదినకి ఆదివారం పూర్తి సెలవని గట్టిగా నిలబడి సాధించింది నేనే. ఆరోజు వంట అన్నయ్యలది. ఉప్పు ఎక్కువైనా ఎవరూ నోరెత్తకూడదు.

బుజ్జమ్మ బడికెళ్లింది

పోయినేడాది వేసవిలో, ఆవకాయ ముక్కలు తుడుస్తూ బుజ్జమ్మ హఠాత్తుగా అంది, "అమ్మా, నేను స్కూలుకెళతాను."

చిన్నవదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎందుకే? ఇక్కడేం తక్కువైంది?"

"తక్కువేం లేదు. ఇక్కడ నా వయసు వాళ్లు ఒక్కళ్లూ లేరు. అన్నయ్య పెద్దోడు, మిగతావాళ్లు చిన్నపిల్లలు. హైస్కూల్లో కబడ్డీ టీముంది."

ఆ రాత్రి వదిన ఏడ్చింది. ఐదేళ్లు తను చేసిందంతా పిల్లకి నచ్చలేదనుకుంది. చిన్నన్నయ్య ఏమీ తేల్చలేక ఊరుకున్నాడు. ఈసారి బాగా మాట్లాడింది మా నాన్నే. బడి కావాలని ఐదేళ్లుగా వాదిస్తున్న మనిషి గెలిచినట్టు మాట్లాడతారనుకున్నాం. ఆయన కోడలితో, "ఏమ్మా, అడిగి మరీ బడికెళతానన్న పిల్లని నా సర్వీసులో ఎంతమందిని చూసుంటాననుకున్నావు? అలా పెంచావు దాన్ని" అన్నారు. వదిన కళ్లు తుడుచుకుంది.

చేర్చడానికి అనుకున్నంత కష్టం కాలేదు. బడి మధ్యలో ఆపిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. జూన్‌లో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేరింది. మొదటి వారం ఇంటికొచ్చి ఒకటే కంప్లయింటు, "అత్తా, లెక్క సగంలో ఉండగా బెల్లు కొడితే ఆపెయ్యాలంట!" రెండో వారం నుంచి కబడ్డీ కబుర్లు. మోకాళ్ల నిండా దెబ్బలు, మొహం నిండా నవ్వు. అరుగు మీద దాని చోట్లో ఇప్పుడు తొమ్మిదేళ్లవాడు కూర్చుని చిన్నవాళ్ల మీద పెత్తనం చేస్తున్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకి అందరూ కూర్చున్నాక చిన్నవదిన ఇప్పటికీ ఓసారి తలలు లెక్కపెడుతుంది. ఆరే వస్తాయి.

పెద్దోడికి ఏప్రిల్‌లో పరీక్షలు. పాసైతే ఇంటర్ కాలేజీలోనా, మళ్లీ ఓపెన్‌లోనా అన్నది ఇంకా తేలలేదు. పెద్దన్నయ్యకి కాలేజీ అంటే మొగ్గు, వాడికి బొమ్మలంటే మొగ్గు.

మొన్న బుజ్జమ్మ బడి నుంచి వస్తూనే కొలపాత్రలు కావాలంది. వాళ్ల లెక్కల మాష్టారికి గిద్దల బైనరీ గురించి చెప్పిందట, క్లాసులో నువ్వే చెప్పి చూపించమన్నారట. కుంచం మొయ్యలేదు. అడ్డ ఇవ్వడానికి అమ్మ ఒప్పుకోలేదు, రోజూ బియ్యం కొలిచేది దాంతోనే. మిగిలిన ఐదూ సంచిలో సర్దుకుంటూ బుజ్జమ్మ అంది, "పోనీలే నాయనమ్మా, ముప్పై ఒకటి దాకానే చెబుతాను."