మీకు తెలుసా? జీలకర్రలో 66, బంగాళాదుంపలో ఒకటి కూడా లేదు!

వంద గ్రాముల జీలకర్రలో ఇనుము 66 మిల్లీగ్రాములు. అంతే బరువున్న పచ్చి బంగాళాదుంపలో 0.8 మిల్లీగ్రాములే. అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టిక చెప్పే లెక్క ఇది. తేడా ఎనభై రెట్ల పైమాటే! కాల్షియంలోనూ దాదాపు ఇదే వరస: జీలకర్రలో 931 మి.గ్రా., దుంపలో 12.

ఈ తేడాలో నీటి వాటా చాలా ఉంది. దుంప బరువులో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. జీలకర్రేమో ఎండిన గింజ, అందులో తడి ఎనిమిది శాతం. రెండింట్లోనూ నీళ్లు తీసేసి లెక్క కడితే ఎనభై రెట్లు కాస్తా ఇరవై లోపుకు దిగుతాయి. అయినా జీలకర్రదే పైచేయి. మొలకెత్తే రోజుకు కావలసిన ఖనిజాలను గింజ ముందే కూడబెట్టుకుంటుంది. దుంప దాచుకునేది ముఖ్యంగా పిండి. పండిన నేలను బట్టి, గింజకు అంటుకున్న మట్టిని బట్టి 66 అన్న అంకె బాగా మారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సరే, వంద గ్రాముల జీలకర్ర ఒక్క పూటలో తినేదెవరు? పొయ్యి మీద బాణలిలోకి వద్దాం. నలుగురికి అరకిలో దుంపల కూర, పోపులో చెంచాడు జీలకర్ర. చెంచాడంటే రెండు గ్రాములు. దుంపల నుంచి వచ్చే ఇనుము 4 మి.గ్రా., జీలకర్ర నుంచి దాదాపు 1.3. బరువులో దుంపలకు 250వ వంతు ఉన్న గింజలు, దుంపలిచ్చే ఇనుములో దాదాపు మూడో వంతు ఇస్తున్నాయి. పోపు రుచికీ వాసనకే అనుకునేవాళ్లకు ఇది నిజంగా ఆశ్చర్యమే.

అయితే రెండూ కలిపి మనిషికి వచ్చేది 1.4 మి.గ్రా. లోపే. భారతీయ మహిళకు రోజుకు 29, పురుషుడికి 19 మి.గ్రా. కావాలని ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. కాబట్టి జీలకర్ర నీళ్లతో రక్తం పడుతుందని నమ్మి డాక్టరు రాసిన ఇనుము మాత్రలు మానేస్తే ప్రమాదం. గర్భిణులైతే అసలు మానకూడదు.

ఇక దుంపను చిన్నచూపు చూడొద్దు. వంద గ్రాముల పచ్చి దుంపలో విటమిన్ సి దాదాపు 20 మి.గ్రా. 1845లో తెగులు సోకి ఐర్లండ్‌లో దుంప పంట పోయినప్పుడు, దాని మీదే బతికిన పేదల్లో ఆకలితో పాటు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ కూడా కనిపించింది. పైగా గింజల్లో, కూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడేది ఈ విటమినే. చిక్కల్లా అది వేడికి తరిగిపోతుంది, నీళ్లలోకి దిగిపోతుంది. తొక్క తీసి ఉడికించిన దుంపలో వంద గ్రాములకు 7 మి.గ్రా. మిగిలితే, తొక్కతోనే ఉడికించినదాంట్లో 13 మిగులుతుంది. ఉడికాక తొక్క ఒలిచి, ముక్కలు పోపులో కలిపి, దించాక నిమ్మకాయ పిండితే జీలకర్రలోని ఇనుముకు మరికాస్త తోడు దొరుకుతుంది.