గడ్డం కత్తి కొనబోయే ముందు

మడిచే మంగలి కత్తికి కాలం చెల్లిందనే అనుకున్నాం. జిల్లెట్ అనే అమెరికా దేశస్థుడు 1904లో పేటెంటు పొందిన రేజరూ, దాని పల్చటి బ్లేడూ వచ్చి దాన్ని ఇళ్లలోనుంచి సాగనంపాయి. కాని రాయదుర్గం అద్దాల మేడల్లో ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుక్కి ఇప్పుడు దానిమీదే మనసు పోయింది. "బాబాయ్, ఎలాంటిది కొనమంటావు?" అని అడిగాడు. నేను ఎన్నో ఏళ్లుగా ఆ కత్తితోనే గీసుకుంటున్నాను గనుక వాడికి చెప్పినదే ఇక్కడా చెబుతున్నాను. ఇలాంటి సరదాగల కుర్రవాళ్లు మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

రాయదుర్గం మెట్రో స్టేషను చుట్టుపక్కల సెలూన్లలో సాధారణంగా కనిపించేది అసలు కత్తి కాదు. అది ఒట్టి పిడి. అందులో సగం బ్లేడు దూర్చి, పని కాగానే పారేస్తారు. ఒకరి రక్తం ద్వారా కామెర్ల వంటి జబ్బులు మరొకరికి అంటకుండా ఉండాలంటే అదే సరైన పద్ధతి. అసలు కత్తి మాత్రం ఒక్కరి ముఖానికే పరిమితం. అన్నదమ్ములైనా సరే పంచుకోకూడదు.

ఈ కత్తికీ మన తెలుగు దేశానికీ పాత చుట్టరికం ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. దక్షిణదేశపు ఈ ఉక్కునే ఇంగ్లీషువాళ్లు 'ఊట్జ్' అన్నారు. లండనులో జేమ్స్ స్టోడార్టు అనే కత్తులవాడు, యూరపు ఉక్కుకంటే ఇదే మేలని, దీనితోనే గడ్డం కత్తులు చేస్తున్నానని తన దుకాణం కార్డుమీద అచ్చువేయించుకున్నాడు. 1820లో మైకేల్ ఫారడే ఆయనతో కలిసి ఉక్కుమీద పరిశోధనలు చేశాడు.

ఇక ఎంపిక సంగతి. మొదటి కత్తి అలుగు వెడల్పు అంగుళంలో 8వ వంతుల లెక్కన 5 గాని 6 గాని ఉండాలి. అంటే 16 నుంచి 19 మిల్లీమీటర్లు. అంతకన్న వెడల్పయితే ముక్కు కింద తిరగదు. మొన గుండ్రంగా ఉండాలి. చదరపు మొన చూపుకు బాగుంటుంది గాని, చెవి దగ్గర గాటు పెట్టేది అదే. మామూలు కార్బను ఉక్కయితే పదును పెట్టడం సులువు. కాని గీసుకున్నాక తడి లేకుండా తుడవకపోతే తుప్పు పడుతుంది. మరుపు మనిషికి తుప్పు పట్టని ఉక్కే మేలు.

పిడిమీద నగిషీలు చూసి మోసపోకండి. జర్మనీలో జోలింగెన్ కత్తులకు పేరున్నా, అడగవలసిన ప్రశ్న ఒక్కటే: గీసుకోవడానికి తయారుగా సాన పట్టి ఇస్తారా? అంచును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. అంచు వెంట తెల్లటి గీత మెరిస్తే అది మొండిదని గుర్తు. తాతగారి పెట్టెలో కత్తి దొరికినా ఇదే పరీక్ష. అంచులో పగులు గాని, లోతైన తుప్పు గాని కనిపిస్తే దాన్ని జ్ఞాపకంగా దాచుకోవడమే మంచిది.

కత్తితోపాటు తోలు పట్టీ కూడా కొనాలి. గీసుకునే ప్రతిసారీ ముందు ముప్పై నలభై సార్లు పట్టీమీద నూరాలి. వెన్ను ముందు, అంచు వెనుక. తిప్పేటప్పుడు వెన్నుమీదనే దొర్లించాలి. లేకపోతే పట్టీ తెగుతుంది, పదునూ పోతుంది. కొన్ని నెలలకొకసారి రాతిమీద సాన తప్పదు.

మొదటి వారం బుగ్గలే గీసుకోవాలి. గడ్డం, మెడ చెయ్యి కుదిరాక చూసుకోవచ్చు. వేడినీళ్లు, దట్టంగా సబ్బు నురుగు, మరో చేత్తో బిగువుగా లాగి పట్టిన చర్మం, 30 డిగ్రీల వాలు—ఇంతే రహస్యం. అంచును ఎన్నడూ అడ్డంగా జార్చకూడదు. గాట్లు పడేది అలాగే.

ఇంత విని మావాడు, "పొద్దున్నే ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. మొదట్లో అరగంట. ఆ అరగంట లేనివాడు సగం బ్లేడు పిడితో సరిపెట్టుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. బస్సు అందుకునే తొందరలో మాత్రం ఈ కత్తి ముట్టుకోవద్దు.