జావ చిక్కబడే తీరు

ద్రవం పారుతున్నప్పుడు లోలోపల ఆ పారుదలకు అడ్డుపడే గుణం స్నిగ్ధత. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆముదం స్నిగ్ధత నీటికి సుమారు వెయ్యి రెట్లు ఉంటుంది. పలచని ద్రవం చిక్కబడాలంటే అందులోని నీటిని ఇగిరించాలి, లేదా ఉన్న నీటిని తేలిగ్గా కదలనివ్వని పదార్థం కలపాలి. పాలను మరగకాచి కోవా చేయడం మొదటి పద్ధతి. రెండో పద్ధతిలో వంటింటికి ఎప్పుడూ అందుబాటులో ఉండేది పిండి.

బియ్యప్పిండిలోనైనా రాగిపిండిలోనైనా స్టార్చ్ సన్నని రేణువులుగా ఉంటుంది. చన్నీళ్లలో అవి కరగవు. కాసేపు కదపకపోతే అడుగుకు దిగిపోతాయి. వేడి 60 డిగ్రీలు దాటి 70 దాకా వచ్చేసరికి నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. వాటిలోంచి అమైలోజ్ అనే పొడవాటి అణువులు బయటపడి నీళ్లంతటా అల్లుకుంటాయి. జావ కలుపుతున్న గరిటె బరువెక్కేది అప్పుడే.

పిండిని నేరుగా మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. ఉండ పైభాగం క్షణాల్లో ఉడికి జిగురు పొరగా మారుతుంది. ఆ పొర దాటి నీరు లోపలికి పోలేదు. ఉండ చిదిపి చూస్తే మధ్యలో పొడిపిండి అలాగే కనిపిస్తుంది. ముందు చన్నీళ్లలో జారుగా కలుపుకుని ఎసట్లో పోసే పాత అలవాటుకు ఇంతకన్నా గట్టి శాస్త్రాధారం అక్కర్లేదు. మజ్జిగ పులుసులో శనగపిండి చిక్కదనాన్ని ఇస్తూనే మజ్జిగ విరగకుండా కాస్తుంది. చింతపండు పులుసులో మాత్రం పిండి చివర్లో కలపాలి. పులుపులో ఎక్కువసేపు మరిగితే స్టార్చ్ గొలుసులు తెగి పులుసు మళ్లీ పలచబడుతుంది.

వేడితో పనిలేకుండా చిక్కబరిచేవి గమ్‌లు. మనం కూరగా వండుకునే గోరుచిక్కుడు ముదిరి ఎండాక దాని గింజల నుంచి గ్వార్ గమ్ తీస్తారు. రాజస్థాన్‌లో ఈ పంట విస్తారంగా సాగవుతుంది. నూరు పాళ్ల నీటికి ఒక పాలు గమ్ కలిపితే చాలు, నీరు బాగా చిక్కబడుతుంది. ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు పెరగకుండా ఆపేది ఇదే. చమురు బావుల్లో నీటితోపాటు ఇసుకను లోతుకు మోసుకెళ్లేదీ ఇదే. క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చే బ్యాక్టీరియాను చక్కెర ద్రావణంలో పెంచితే జాంథాన్ గమ్ వస్తుంది. ఇది కలిపిన సాస్ సీసాలో కదలకుండా ఉంటుంది, కుదిపితే పలచబడి జారుతుంది.

పక్షవాతం వచ్చి మింగలేని రోగులకు ఈ తేడాలు ప్రాణావసరం. పలచని నీరు పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వైద్యుల సలహాతో నీటిని చిక్కబరిచి తాగిస్తారు. స్టార్చ్‌తో చిక్కబరిచినదాన్ని లాలాజలంలోని అమైలేజ్ ఎంజైమ్ నోట్లోనే పలచబరుస్తుంది. జాంథాన్ గమ్ మీద ఆ ఎంజైమ్ పనిచేయదు.