మందు నేరుగా రోగం దగ్గరికే.. ఏమిటీ నానో మందులు?

2021 మే నెల. కరోనా సెకండ్ వేవ్ వెంటే బ్లాక్ ఫంగస్ వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఏ జిల్లా అయినా సరే, షుగర్ పేషెంట్లున్న ఇళ్లల్లో ఒకటే కంగారు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రభుత్వం ఈ జబ్బుకు ప్రత్యేక కేంద్రంగా చేసింది. అప్పుడే చాలామంది ఓ ఇంజెక్షన్ పేరు మొదటిసారి విన్నారు: లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి. అదే నానో మందు.

బుడగలో మందు

మామూలు ఆంఫోటెరిసిన్ ఫంగస్‌ను చంపుతుంది గానీ కిడ్నీలను దెబ్బతీస్తుంది. షుగర్‌తో కిడ్నీలు బలహీనపడ్డవాళ్లకు ఇది మరీ ప్రమాదం. అదే మందును చిన్న కొవ్వు బుడగలో ఇమిడ్చి ఇస్తే కిడ్నీల మీద భారం బాగా తగ్గుతుంది. బుడగ సైజు 100 నానోమీటర్ల లోపే. అంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు.

ఆ కొవ్వు దేనిది, హలాలేనా అని కొందరికి అనుమానం రావచ్చు. ఇందులో సాధారణంగా వాడే ముఖ్యమైన కొవ్వు సోయా నుంచి తీసిందే. ఇంకా అనుమానముంటే కంపెనీ వివరాలు ఫార్మసిస్టును అడగొచ్చు.

క్యాన్సర్‌లో ఎలా?

గడ్డ తొందరగా పెరుగుతుంది కాబట్టి దాని రక్తనాళాలు సరిగ్గా అల్లుకోవు, గోడల్లో సందులుంటాయి. మంచి నాళాలను దాటలేని నానో బుడగలు ఈ సందుల్లోంచి గడ్డలోకి చేరతాయి. గుండెకు హాని చేసే డాక్సోరుబిసిన్‌ను ఇలా బుడగల్లో పెట్టిన మందుకు 1995లోనే అమెరికా అనుమతి ఇచ్చింది.

అలాగని మందంతా గడ్డకే పోదు. చాలా భాగం లివర్, ప్లీహం పట్టేసుకుంటాయి. ఈ మందుతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండొచ్చు. ఖర్చూ ఎక్కువే.

పేరు ఒకటే, డోసు వేరు

అన్నిటికంటే ముఖ్యం ఇదే. బ్లాక్ ఫంగస్‌కు లైపోసోమల్ రకాన్ని సాధారణంగా రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. మామూలు రకం 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకదాని డోసులో ఇంకొకటి ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు.

అందుకే ఒకటి దొరక్కపోతే "రెండూ ఒకటే కదా" అని ఇంట్లోవాళ్లు ఇంకోటి తెచ్చివ్వొద్దు. చీటీ మీద, సీసా మీద పేరు పూర్తిగా కలిసిందా చూడండి. కలవకపోతే సూది వేయకముందే డాక్టర్‌ను అడగండి. అడగడంలో తప్పు లేదు.