పుట్టింటికొచ్చే తాబేలమ్మ

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మన ఆడవాళ్ళకి రెండు బెంగలు. ఆవకాయకి మంచి పుల్లటి కాయ దొరుకుతుందా అన్నది ఒకటి. సెలవులిచ్చేశారు, ఈ పిల్లలతో నెలన్నర ఎలా వేగాలిరా భగవంతుడా అన్నది రెండోది!

మన చిన్నప్పుడు ఈ రెండో బెంగ మన అమ్మలకి లేదు. బడి మూసిన మర్నాడే అమ్మమ్మగారి ఊరికి రైలెక్కించేసేవారు. చెరువు, చింతచెట్టు, పశువుల పాక... అవే మనకి శిబిరాలు. ఇప్పుడు అమ్మమ్మలు కూడా అపార్టుమెంట్లలోకి వచ్చేశారు. అందుకే వీధికో సమ్మర్ క్యాంపు.

కిందటేడాది పదకొండేళ్ళ మా పాపని అలాంటి ఓ క్యాంపులోనే చేర్పించాను. ప్రకృతి గురించి నేర్పుతామన్నారు. ఫీజు కట్టించుకున్నారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి పది రోజులూ బొమ్మలకి రంగులు వేయించారు. ఆఖరి రోజున ఓ సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. ఇంటికొచ్చి అది అడిగిన మాట నాకు గుచ్చుకుంది. "అమ్మా, ఇవన్నీ నిజంగా ఎక్కడుంటాయి?"

ఈ ఏడు పక్కవాటా ఆవిడ ఓ కబురు చెప్పింది. మా విశాఖపట్నం తీరంలో అటవీశాఖ వాళ్ళు సముద్రపు తాబేళ్ళ గుడ్లు పొదిగించే కేంద్రాలు పెట్టారట. పిల్లలు బయటికొచ్చిన రోజున తెల్లవారుజామున వాటిని సముద్రంలోకి వదులుతారట. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించవచ్చట. ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు.

"చీకటితో ఆడపిల్లని వెంటేసుకుని సముద్రం ఒడ్డుకా? తాబేళ్ళని చూడ్డానికా?" అని మా అత్తగారు బుగ్గ నొక్కుకున్నారు. మావారు నవ్వి ఊరుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం సిగ్గుగానే అనిపించింది. అయినా పాప మొహం చూసి నాలుగింటికి అలారం పెట్టాను.

ఇసుకలో పురిటిగది

మేం వెళ్ళింది బీచ్ రోడ్డులో జోడుగుళ్లపాలెం దగ్గరికి. పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం ఉంటున్నాను. సముద్రమంటే నాకు ఆదివారం సాయంత్రం, కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఓ ఫొటో. అంతే. తెల్లవారకముందు సముద్రం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

కేంద్రం అంటే పెద్ద భవనం ఏమీ కాదు. ఇసుకలో వల కట్టి కంచె వేసిన జాగా. లోపల వరసగా గుంటలు. గుంట గుంటకీ ఓ చీటీ. గుడ్లు ఎప్పుడు తెచ్చారు, ఎన్ని తెచ్చారు అని దాని మీద రాసి ఉంది. ఆస్పత్రిలో ఉయ్యాలకి కట్టే చీటీలు గుర్తొచ్చాయి నాకు!

ఇక్కడికొచ్చే తాబేళ్ళని ఆలివ్ రిడ్లీ అంటారు. ముప్ఫై అయిదు, నలభై కిలోల బరువుంటాయి. ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, రాత్రిపూట, తల్లి ఒక్కతే ఒడ్డుకు ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక కాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తీసి వందకి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, తన ఒంటి బరువుతో అటూ ఇటూ ఊగి గట్టిపరచి, తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇదంతా గంటలో పని. అప్పుడు దాని కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటాయి. అది ఏడుపు కాదనీ, ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. నాకు మాత్రం మనసొప్పలేదు సుమండీ!

ఇక గుడ్లకి కుక్కలు, నక్కలు శత్రువులు. అందుకని కాపలావాళ్ళు రాత్రంతా తీరం వెంట తిరిగి, గుడ్లు జాగ్రత్తగా ఏరి తెచ్చి ఇక్కడ అంతే లోతున పాతిపెడతారు. పెట్టిన కొద్ది గంటల్లోనే తేవాలి. కిందామీదా కాకుండా తేవాలి. ఆలస్యమయ్యాక కదిపితే లోపలి పిండం చచ్చిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలవుతాయి.

ఇంకో విచిత్రం వినండి. పుట్టేది ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి! వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. "ఆడపిల్లని కన్నావని ఇక్కడ తల్లిని ఆడిపోసుకునేవాళ్ళు లేరన్నమాట" అంది మా పక్కింటావిడ. అందరం నవ్వాం. కానీ కాపలా అతను నవ్వలేదు. ఎండలు ముదిరి ఇసుక మరీ కాగితే ఒక్క మగపిల్లా పుట్టదనీ, ఇంకా ముదిరితే గుడ్లే ఉడికిపోతాయనీ, అందుకే గుంటల మీద నీడ పడేలా చూసుకోవాలనీ చెప్పాడు.

"ఒగ్గీయమ్మా!"

ఇంకా వెలుతురు రాలేదు. బుట్టల్లో తెచ్చిన పిల్లల్ని నీటికి కాస్త దూరంలో ఇసుక మీద వదిలారు. ఒక్కోటి అరచేతిలో సగం కూడా లేదు. నల్లగా, తడిసిన చింతగింజల్లా ఉన్నాయి. అంత చిన్న కాళ్ళతో ఆ ఇసుకలో గుట్టలెక్కి దిగుతూ నీళ్ళవైపు పాకడం మొదలెట్టాయి. ముప్ఫైమంది పిల్లలున్నారక్కడ. ఒక్కరి నోట మాట లేదు.

ఒకటి మాత్రం అడుగు గుంటలో పడి తల్లకిందులైంది. కాళ్ళు కొట్టుకుంటోంది. నాకు ప్రాణం ఆగక, దాన్ని తీసి నీళ్ళలో వదిలేద్దామని గబుక్కున వంగాను. కాపలా అతని భార్య కాబోలు, బుట్టలు మోస్తున్న ఒకామె నా చెయ్యి పట్టి ఆపింది.

"ఒగ్గీయమ్మా! దాని కాళ్ళతో దాన్ని ఎల్లనీ. నువ్వెత్తి ఏసేస్తే అది దారెలాగ నేర్సుకుంటాది?"

మా పాప నా వైపు చూసి కిసుక్కున నవ్వింది. నవ్వదూ మరి! స్కూలు సంచి నేనే సర్దుతాను, జడ నేనే వేస్తాను, సందు చివరి కొట్టుకి పెన్సిల్ కోసం వెళ్తానన్నా వెనకే బయల్దేరతాను. ఆ బుల్లి తాబేలు రెండు నిమిషాలు తన్నుకుని తనంతట తానే తిరగబడింది. అల వచ్చింది. తీసుకెళ్ళిపోయింది.

ఇసుక మీద అలా పాకి వెళ్ళనివ్వాలనడానికి కారణం ఉందట. పుట్టిన తీరాన్ని అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు దానిలో ఎలా పడుతుందో పూర్తిగా తేలలేదు. నేలకున్న అయస్కాంత శక్తిని బట్టి గుర్తు పడతాయని శాస్త్రజ్ఞుల భావన. పది పదిహేనేళ్ళకి ఎదిగాక, సముద్రాలన్నీ తిరిగి, ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి మళ్ళీ తను పుట్టిన తీర ప్రాంతానికే వస్తుంది.

పురిటికి పుట్టింటికి రావడం! ఏ సారె ఇచ్చి, ఎవరు పిలిచారని? ఆ మాట విన్నాక నాకు గొంతు పట్టేసింది. తొలిచూలుకి ఏడో నెలలో అమ్మ వచ్చి తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. వెయ్యి పిల్లలు సముద్రంలో దిగితే పెద్దదై తిరిగొచ్చేది ఏ ఒక్కటో అని అంచనా. ఆ ఒక్కటి వచ్చేసరికి ఇక్కడ పుట్టిల్లు ఎలా ఉంటుంది?

మన ఆతిథ్యం

పాప పిలిచింది. "అమ్మా, అది అటు వెళ్తోందేం?" నాలుగైదు పిల్లలు సముద్రం వైపు కాక రోడ్డు వైపు పాకుతున్నాయి. సహజంగా రాత్రివేళ సముద్రం మీద ఆకాశమే వెలుగ్గా ఉంటుంది. పిల్లలు ఆ వెలుగు వైపు నడుస్తాయి. ఇప్పుడు రోడ్డు దీపాలు, హోటళ్ళ బోర్డులు అంతకంటే వెలుగుతున్నాయి. పాపం, వాటికేం తెలుసు? అలా రోడ్డెక్కినవి చక్రాల కింద నలుగుతాయి, లేదా తెల్లారాక కాకుల పాలవుతాయి. అక్కడున్న వాళ్ళని సెల్‌ఫోన్ లైట్లు ఆపమన్నారు. దారి తప్పినవాటిని మళ్ళీ సముద్రం వైపు తిప్పారు.

ఇంకోటి. తాబేళ్ళకి జెల్లీ చేపలు ఇష్టం. నీళ్ళలో తేలే ప్లాస్టిక్ సంచీ అచ్చం జెల్లీ చేపలాగే ఉంటుంది. మింగితే పేగుకి అడ్డుపడి చస్తుంది. అది విన్నప్పుడు ఎన్ని ఆదివారాలు ఎన్ని కవర్లు ఆ ఇసుకలో వదిలి వచ్చామో లెక్కేసుకున్నాను. లెక్క తేలలేదు.

వలకి రెండు వైపులా

ఫిబ్రవరిలో ఓ రోజు ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద తాబేలు శవాన్ని చూశానని పక్కింటావిడ చెప్పింది. కడుపులో గుడ్లున్నాయట. తాబేలు నీళ్ళలో ఉన్నా, గాలి పీల్చడానికి పైకి రావాలి. మరపడవ వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. "ఎంత కఠినులో ఈ వలలవాళ్ళు" అన్నాను బుట్టలామెతో.

ఆమె కోప్పడలేదు. ఇసుకలో చతికిలబడి చెప్పింది. "మాకూ ఉసురు తగల్దేటమ్మా? కూర్మనాదుడంటాం గదా దాన్ని. కానీ అది వల్లో పడితే వల సిరుగుద్ది. వల సిరిగితే మా ఇంట్లో పొయ్యి ఎలగదు."

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలిచే ప్రాంతం ఇది. భక్తి లేక కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. మనం క్యాంపులు వెతుక్కునే ఈ రోజుల్లోనే, చేపల బుట్ట నెత్తినెత్తుకుని ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళకి పని తగ్గిపోతుంది. తీరంలో ఈ పొదిగించే పనికి మత్స్యకారులనే కాపలా పెట్టుకోవడం వల్ల కొన్ని ఇళ్ళకి ఆ నాలుగైదు నెలలూ కాస్త ఆసరా. ఒకప్పుడు గుడ్లు తవ్వి కూరొండుకున్న ఊళ్ళలోనే ఇప్పుడు గుడ్లకి కాపలా కాస్తున్నారు.

మరపడవ వలలో బిగించే ఇనప చట్రం ఒకటుంది. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి వలలోకి జారతాయి. తాబేలు చట్రానికి తగిలి, విడిగా ఉంచిన దారిలోంచి బయటపడుతుంది. దాంతోపాటు కొన్ని పెద్ద చేపలూ పోతాయని పడవలవాళ్ళ బాధ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆలివ్ రిడ్లీని పులితో సమానంగా మొదటి షెడ్యూలులో పెట్టింది. చట్టం అవసరమే. కానీ ఆ ఖర్చూ నష్టమూ అంతా పేదింటి పొయ్యి మీదే పెడితే తాబేలు బతకదు. మా పాప ఈ మాటలన్నీ వింది. 'మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు' అని గీత గీయడం అంత తేలిక కాదని ఏ రంగుల క్యాంపు నేర్పుతుంది చెప్పండి?

మీరూ వెళ్ళండి

విశాఖలోనే కాదు. బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ, కృష్ణాజిల్లా నాగాయలంక వైపునా తాబేలు పిల్లల్ని వదులుతుంటారు. అటవీశాఖ కార్యాలయంలో ముందుగా అడిగితే చెబుతారు. పిల్లలు ఏ రోజు బయటికొస్తాయో వాటి ఇష్టం కాబట్టి, ఒకసారి వెళ్ళి ఉత్త చేతుల్తో రావడానికీ సిద్ధపడాలి. సముద్రం లేని ఊళ్ళవాళ్ళు దిగులు పడక్కర్లేదు. విశాఖలో 1977లోనూ, హైదరాబాదులో 1963లోనూ తెరిచిన జంతుప్రదర్శనశాలలు వేసవిలో పిల్లల శిబిరాలు నడుపుతుంటాయి. అదీ లేదంటే మీ ఊరి చెరువు గట్టు ఉండనే ఉంది. పొద్దున్నే ఓ గంట కూర్చుంటే చాలు.

వెళ్ళేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. లేతరంగు నూలు బట్టలు, టోపీ, మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. ఫ్లాష్ వెలిగించి ఫొటోలు తీయొద్దు. ఎంత ముద్దొచ్చినా తాబేలు పిల్లని చేత్తో తీయొద్దు. అడుగు వేసేముందు కింద చూడండి. ఓ గోనెసంచి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు కనిపించిన కవర్లన్నీ ఏరుకు రండి. మొదట్లో మొహమాటంగా ఉంటుంది. రెండోసారికి పక్కవాళ్ళు కూడా వంగుతారు. అన్నిటికంటే ముఖ్యం, కొడుకునొక్కణ్ణీ పంపి, 'ఎండకి నల్లబడుతుంది' అని కూతుర్ని ఇంట్లో ఉంచకండి.

ఆ మధ్యాహ్నం ఆవకాయకి కాయలు తుడుస్తూ మా పాప లెక్కలు కట్టింది. "అమ్మా, ఇవాళ వెళ్ళినవి పదిహేనేళ్ళకి గుడ్లు పెట్టడానికి వస్తే అప్పటికి నాకు ఇరవై ఏడు కదూ?" మా అత్తగారు మనవరాలి వైపు చూసి, "అప్పటికి నువ్వూ పుట్టింటికి వస్తూంటావేమోలే" అన్నారు. మర్నాడు తనూ వస్తానన్నారు, మోకాళ్ళ నొప్పులతోనే.

సాయంత్రం పెన్సిల్ అయిపోయిందని పాప సందు చివరి కొట్టుకి బయల్దేరింది. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. అది సందు మలుపు తిరిగే దాకా చూసి, లోపలికొచ్చి మిగిలిన కాయలు తుడుచుకున్నాను.