ఒకే తేదీ – వేర్వేరు ఘట్టములు

చరిత్ర చదువు విద్యార్థులకు తేదీలు బరువుగా తోచును. కాని రెండు గొప్ప సంఘటనలు ఒకే తేదీన జరిగినవని తెలిసినప్పుడు ఆశ్చర్యము కలుగును. ఆ ఆశ్చర్యముతో తృప్తిపడక, ఆ కలయికకు కారణము కలదా యని విచారింపవలెను.

మొదట అక్టోబరు 1వ తేదీని గైకొందము. కృష్ణా జిల్లానుండి కొన్ని తాలూకాలను, నెల్లూరు జిల్లానుండి ఒంగోలు తాలూకాను చేర్చి 1904లో ఆ దినమున గుంటూరు జిల్లాను ఏర్పఱచిరి. శావల్యాపురము 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడువఱకు ఆ గుంటూరు జిల్లాలోనిదే. 1953లో అదే అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రి యైరి. ఈ రెండింటిలో ఒకటి రెండవదానికి కారణము కాదు. పరిపాలనలోని మార్పులను లెక్కల సౌకర్యముకొఱకు తఱచుగా నెల మొదటి తేదీన అమలుపఱచుదురు. కావున నిట్టి కలయికలు సహజములు.

నవంబరు 1 సంగతి వేఱు. 1956లో ఆ దినమున ఆంధ్రప్రదేశముతోపాటు కేరళ రాష్ట్రమును, విస్తరించిన మైసూరు రాష్ట్రమును, క్రొత్త మధ్యప్రదేశమును ఏర్పడినవి. ఇది యాదృచ్ఛికము కాదు. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము వీని కన్నిటికిని ఒకే దినమును నిర్ణయించెను. ఇచట తేదీ యొకటియే, కారణమును ఒకటియే.

ఇక డిసెంబరు 15. 1950లో ఆ దినమున సర్దార్ వల్లభభాయి పటేలు బొంబాయిలో కన్నుమూసిరి. సంస్థానములను భారతదేశములో విలీనము చేసిన మహనీయు డాయన. సరిగా రెండేండ్లకు, 1952 డిసెంబరు 15న, పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ప్రాణములు విడిచిరి. ఆంధ్ర రాష్ట్రముకొఱకు అక్టోబరు 19న వారు నిరాహారదీక్ష నారంభించియుండిరి. నాలుగు దినములకే ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. ఈ రెండు మరణములు ఒకే తేదీన సంభవించుట కేవలము యాదృచ్ఛికము. అయినను ఆ యిరువురి చరిత్రలకు నిజమైన సంబంధ మొకటి కలదు. భాషారాష్ట్రముల ప్రశ్నను పరిశీలించుటకు 1948లో ఏర్పడిన సంఘమున నెహ్రూ, పట్టాభి సీతారామయ్యగార్లతో పాటు పటేలును సభ్యులు. మద్రాసు నగరముపై హక్కును ఆంధ్రులు వదలుకొన్నచో వారి రాష్ట్రమును ఏర్పఱుపవచ్చునని ఆ సంఘము 1949లో తెలిపెను. ఈ సంబంధమును మనకు చూపినది తేదీ కాదు, సంఘటనల క్రమము.

ఇట్టి కలయికలు అరుదని తలపరాదు. సంవత్సరమున తేదీలు 366కు మించవు. చరిత్రలోని సంఘటనలు లెక్కకు మిక్కిలి. ఇరువదిముగ్గురు విద్యార్థులున్న తరగతిలో ఇద్దఱి జన్మదినము ఒకటే యగుటకు సగముకంటె ఎక్కువ అవకాశము కలదని గణితము చెప్పుచున్నది. మీ తరగతిలో నడిగి చూడుడు.

మఱియొక విషయము. కారెంపూడిలో పల్నాటి వీరుల యుత్సవములు కార్తిక అమావాస్యనాడు మొదలగును. ఆ దినము ఒక యేడు నవంబరులోను, మఱియొక యేడు డిసెంబరులోను వచ్చును. చాంద్రమాన సంవత్సరము సౌరమానముకంటె సుమారు 11 దినములు తక్కువ యగుటయు, అధికమాసముతో ఆ లోటు తీరుటయు నిందులకు హేతువు. అనగా మన తాతలు తిథిని బట్టి జ్ఞాపక ముంచుకొనిన దినము ప్రతి యేడును ఒకే తేదీన రాదు. తేదీ యనునది మనుష్యు లేర్పఱచుకొన్న గుర్తు మాత్రమే.

కావున బాలబాలికలారా! తేదీలను జ్ఞాపక ముంచుకొనుడు. అవి సంఘటనల వరుసను తెలిసికొనుటకు తోడ్పడును. కాని రెండు సంఘటనలు ఒకే తేదీన కనిపించినంతనే ఒకటి మఱియొకదానికి కారణమని నమ్మకుడు. ముందు జరిగిన దేది, తరువాత జరిగిన దేది, నడుమ జనులు చేసిన దేమి యని ప్రశ్నింపుడు. చరిత్ర చదువుటకు అదియే సరియైన మార్గము.